వనిత బుట్టకు నీళ్లు

చివ్వెంల అవతలి తండా,
20 జులై 2025

నాయనా,

నువ్వూ అమ్మా బాగున్నారనుకుంటాను. ఈ ఉత్తరం అమ్మకు మెల్లగా చదువు. తొందరపడి చదివితే అందని చోట అమ్మ సొంతంగా కల్పించుకుంటుంది. ఫోన్ చేయడం లేదని బాధపడకు. క్వారీ పేలుళ్లకు పోయిన నీ చెవులకు ఫోన్ అందదు. అమ్మేమో నా గొంతు వినగానే ఏడుస్తుంది గానీ మాట్లాడదు. కాగితమే నయం.

బస్సు డ్రైవర్ ఫిలిప్పన్న సూర్యాపేట బస్టాండులో బియ్యం సంచి ఇచ్చాడు. మన మందిరం సంఘం ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు ఒక్కో పిడికెడు పక్కకు తీసి కూడబెట్టిన బియ్యం ఇది. ఆ పిడికిళ్ల మీదే నేనిక్కడ ఉంటున్నానన్న సంగతి అన్నం వండిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఈసారి నూకలు ఎక్కువ వచ్చాయి. స్త్రీల సమాజం నడిపే సుందరమ్మ పెద్దమ్మకు మాత్రం ఈ మాట చెప్పకు.

రోజంతా ఏం చేస్తావని అడిగావు. పొద్దున ముసలివాళ్లనో నిండు చూలాలినో వెంటబెట్టుకుని సూర్యాపేట దవాఖానకు పోతాను. చీటీ రాయించడం, ఏ గదికి పోవాలో కనుక్కోవడం, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చాక మళ్లీ చెప్పడం. మధ్యాహ్నం తిరిగొచ్చి బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటాను. సాయంత్రం పదో తరగతి పిల్లలకు లెక్కలు. వీళ్లు ఇళ్లలో మాట్లాడుకునే లంబాడీ నాకు ఇంకా సరిగా రాదు. మాట్లాడబోతే చిన్నపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

అలసిపోతున్నాను నాయనా. పని వల్ల కాదేమో. సువార్త పనికి నన్నిక్కడికి పంపిన మిర్యాలగూడ అయ్యగారు వారం వారం ఫోన్ చేసి "ఎంతమంది వచ్చారమ్మా?" అంటారు. దవాఖానకా, ట్యూషన్‌కా అని అడగాలనిపిస్తుంది. ఆయన అడిగేది అది కాదని తెలుసు. "ఇంకా ఎవరూ లేరండీ" అంటాను. ఆయన ఫోన్ పెట్టేస్తారు.

ఒక్క మంచి సంగతి ఉంది. నా గది పక్కిల్లు నీలాది. ఆమె భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. కూతురు వనిత ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నేను సాయంత్రం ప్రార్థన చేసుకునేటప్పుడు ఆ పిల్ల వచ్చి నా పక్కన కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నిన్న పోతూ పోతూ "అక్కా, రేపు గూడ వస్త" అంది. ఆ మాటకే మంచి నిద్ర పట్టింది.

నీ బిడ్డ
నవనీత

*

కోదాడ,
28 జులై 2025

ప్రియమైన బిడ్డ నవనీతకు నీ తండ్రి ఏసోబు ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి మీ అమ్మా నేనూ చాలా సంతోషించాము. నిన్న ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. నా బిడ్డ దగ్గర ఒక పిల్ల మోకరించింది అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు వినపడలేదు గానీ చేతులు కనపడ్డాయి. సుందరమ్మ కళ్లు తుడుచుకుంది.

డిసెంబర్‌లో మఠంపల్లి దగ్గర కృష్ణలో ఆ పిల్లకు బాప్తిస్మం ఇప్పిద్దామని పెద్దలు అనుకున్నారు. అప్పుడు కట్టుకోవడానికి తెల్లబట్ట సుందరమ్మ కొంటానంటోంది. పిల్ల ఎత్తు ఎంతో రాయి.

నూకల సంగతి నేను సుందరమ్మకు చెప్పలేదు. మీ అమ్మ చెప్పింది.

బిడ్డా, నేను సున్నపురాయి కొట్టినవాణ్ణి. పెళ్లయి నువ్వు పుట్టాక మందిరంలో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. పెద్దల బెంచీ మీద కూర్చోబెట్టినా నా మాటకు ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు. నిన్న తిప్పారు. అదంతా నీ వల్లనే. వేళకు తిను.

నీ తండ్రి
ఏసోబు

*

తండా నుంచి,
3 ఆగస్టు 2025

నాయనా,

నీ ఉత్తరం చదివి భయమేసింది. వనిత మోకరించలేదు, కూర్చుంది. నేను రాసింది కూర్చుందనే. కావాలంటే తీసి చూడు.

ఎందుకొస్తున్నావని ఆ పిల్లనే అడిగాను. "ఇంట్ల ఉంటే మా యాడి ఏదో ఒక పని చెప్తనే ఉంటది అక్కా. నీ దగ్గర కండ్లు మూసుకుంటే ఎవ్వలు లేపరు" అంది. యాడి అంటే అమ్మ. నేను నవ్వాను. తర్వాత గదిలోకి పోయి కాసేపు ఊరికే కూర్చున్నాను. బాధపడ్డానా అంటే పడ్డాను. కానీ పొద్దున వంటా, కాలేజీ బస్సూ, సాయంత్రం మేకలూ చూసుకునే పిల్లకు కళ్లు మూసుకునే చోటు ఒకటి దొరికిందంటే అదీ మంచిదే కదా.

అందుకే ఎత్తు రాయడం లేదు. వచ్చే ఆదివారం లేచి, పొరపాటుగా అర్థమైందని చెప్పు. ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది.

ఈ శనివారం నుంచి ఇక్కడ తీజ్ పండుగ. పెళ్లికాని ఆడపిల్లలు ఒక్కొక్కరు ఒక వెదురుబుట్టలో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పొద్దూ మాపూ పాటలు పాడుకుంటూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ రోజుల్లో ఉప్పూ కారం తినరు. చివరి రోజు బుట్టలు చెరువులో కలుపుతారు. బుట్ట పచ్చగా మొలిస్తే పిల్ల బతుకు పచ్చగా ఉంటుందని నమ్మకం. వనిత ఇప్పటికే బుట్ట కడిగి ఎండబెట్టింది. నేను గదిలోనే ఉంటాను, కంగారుపడకు.

నవనీత

*

కోదాడ,
10 ఆగస్టు 2025

బిడ్డ నవనీతకు,

ఈరోజు మందిరంలో చెప్పాలనే లేచాను. సుందరమ్మ తెల్లబట్ట తెచ్చి వరసగా అందరి చేతికీ ఇచ్చి చూపిస్తోంది. కూర్చున్నాను. వచ్చే ఆదివారం చెప్తాను.

ఆ పండుగ అయ్యే దాకా నువ్వు కోదాడ వచ్చి ఉండు. మీ అమ్మ ఏమంటోందంటే, "అది పూజయితే మనకెందుకు, పండగయితే మనకెందుకు? ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని పొమ్మను." రాలేకపోతే తలుపేసుకుని లోపలే ఉండు. ఎవరి ఫోటోలోనూ పడకు. ఇప్పుడు అన్నీ ఫోన్లలో తిరుగుతున్నాయి.

నా చెవి మిషన్ మళ్లీ ఈల వేస్తోంది. తీసి డబ్బాలో పెట్టాను.

నీ తండ్రి
ఏసోబు

*

తండా నుంచి,
16 ఆగస్టు 2025

నాయనా,

ఇది ముందు నువ్వొక్కడివే చదువు. తర్వాత అమ్మకు చదువుదువు.

తీజ్ మొదలైన మూడో రోజు వనిత బోరింగు దగ్గర పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో సూర్యాపేట తీసుకుపోయాం. డెంగీ అన్నారు. నీలా దగ్గరుంది. నేను బట్టలు తేవడానికి బయల్దేరుతుంటే వనిత నా చున్నీ పట్టుకుంది.

"అక్కా, నా బుట్ట ఎండిపోతది."

"ఎవరన్నా పోస్తారులే, పడుకో."

"పొయ్యరు. ఎవరి బుట్టకు వాళ్లే పొయ్యాలె. లేకుంటే ఇంట్ల ఇంకో ఆడపిల్ల, పెండ్లి కానిది. మా ఇంట్ల ఇంకెవలున్నరు? గోడకు గోడే గద మనది. నీకు పెండ్లి గాలె గద."

"వనితా, నేను అట్లాంటివి..."

"మొక్కమంటలేను అక్కా. నీళ్లు పొయ్యమంటున్న."

నీలా ఆ పిల్ల చేయి విడిపించింది. "వద్దులే బిడ్డా. మీ దేవుడు కోపం జేస్తడు. ఎండితే ఎండనియ్యి" అంది. ఆ మాట అనకుండా ఉంటే నాకు సులువయ్యేది.

పోశాను నాయనా. ఆ సాయంత్రం నుంచే. బుట్టలన్నీ పెట్టిన పందిరి కింద నేను చెంబు ఎత్తగానే పాడుతున్న పిల్లలంతా ఆగిపోయారు. తండా పెద్ద కిష్ట్యా నాయక్ కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏయ్ టీచరమ్మా! గాడ నీకేం పని? గది మీ ఏసు బుట్ట గాదు."

"వనిత పొయ్యమంది పెద్దయ్యా."

"పొయ్యమంటే పోస్తవా? ఉప్పు తినొద్దు, ఎరికేనా? పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉప్మా."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన కూడా మీసం కింద నవ్వు ఆపుకున్నాడు. "ఇయ్యాల్టికి పో. రేపటిసంది ఉప్పు తింటే బుట్ట ముట్టకు" అని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఉప్పు లేకుండానే తింటున్నాను. పెద్దమ్మలు పంపిన బియ్యమే. చప్పిడి అన్నం గొంతు దిగదు గానీ రెండు రోజులకు అలవాటైంది. పాట లేకుండా నీళ్లు పోయకూడదట. నాకు పాట రాదు. పెదాలు కదిలించాను. ఆ పాట ఎవరి మీదని నన్నడిగితే తెలియదనే చెప్పాలి.

పొద్దున బుట్ట, బస్సు, దవాఖాన. సాయంత్రం మళ్లీ బస్సు, బుట్ట. వనితకు జ్వరం దిగుతోంది, రక్తకణాలు పెరుగుతున్నాయన్నారు. రేపు బుట్టలు చెరువులో కలుపుతారు. నేను చేసింది తప్పో ఒప్పో తేల్చుకునే ఓపిక ఇప్పుడు లేదు. ఇంకెవరి నోటో వినకముందు నా నోట వినాలని రాస్తున్నాను.

నవనీత

*

కోదాడ,
26 ఆగస్టు 2025

బిడ్డ నవనీతకు,

నీ ఉత్తరం కంటే ముందు నీ బొమ్మ వచ్చింది.

పదిహేడో తారీకు ఆరాధన అయ్యాక సుందరమ్మ అల్లుడు ఫోన్ తెచ్చి నా కళ్ల ముందు వీడియో పెట్టాడు. నువ్వు ఆ పిల్లల మధ్య చెంబు పట్టుకుని పాడుతున్నావు. పాట ఏమిటని చుట్టూ వాదించుకుంటున్నారు. నాకు పాట వినపడదు. నిన్ను చూశాను. ఎంత చిక్కిపోయావు బిడ్డా. చెంబు పట్టుకున్న చేయి పుల్లలా అయింది. ఆ చేయి మళ్లీ చూపించమన్నాను. నాకు మతి పోయిందనుకున్నారు.

అంతటితో పోతే బాగుండేది. మొన్న ఆదివారం ఫిలిప్పు మందిరం గుమ్మంలో ఒక పొట్లం ఇచ్చాడు. పైన నవనీత వాళ్ల నాయనకు అని రాసి ఉంది. నువ్వేదో పంపావని అందరి ముందే విప్పాను. తడిబట్టలో గోధుమ మొలకలు. సుందరమ్మ "మన బియ్యం తిని మనకే ప్రసాదం పంపిందా నీ బిడ్డ?" అని నా చెవి దగ్గరకొచ్చి అరిచింది. అది మాత్రం వినపడింది. ఏం చేయాలో తెలియక పొట్లం మూసి జేబులో పెట్టుకున్నాను. పారెయ్యలేదేమని మళ్లీ తిట్టారు. సుందరమ్మ ఆ తెల్లబట్ట చించి మనవరాళ్లకు గౌన్లు కుట్టించిందట.

పెద్దలు ఒక మాట చెప్పారు. నువ్వు తప్పు ఒప్పుకుని రాయాలి. నేను సంఘం ముందు చదవాలి. లేకపోతే పిడికెడు బియ్యం ఆపేస్తారు. మిర్యాలగూడ అయ్యగారు నిన్ను వెనక్కు పిలుస్తారు. రెండు వాక్యాలు చాలు బిడ్డా. అజ్ఞానంతో చేశాను, క్షమించండి. డిగ్రీ చదివినదానివి, అజ్ఞానం అని రాయడానికి చేయి రాదని తెలుసు. నా కోసం రాయి.

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడినా వినపడదు కనుక ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నీ తండ్రి
ఏసోబు

*

తండా నుంచి,
31 ఆగస్టు 2025

నాయనా,

ఆ పొట్లం నేను పంపలేదు, వనిత పంపింది. చివరి రోజు ఆడపిల్లలు మొలకలు తుంచి తండ్రికీ అన్నదమ్ములకూ ఇస్తారు. వాళ్లు తలపాగాలో పెట్టుకుంటారు. ఆ పిల్లకు ఇవ్వడానికి ఎవరూ లేరు. దవాఖానలో మంచం మీదుండి "అక్క నీళ్లు పోసింది గద, అక్క వాళ్ల నాయనకు పంపుదాం" అందట. నీలా పోయి ఫిలిప్పన్న చేతికిచ్చింది. మీకు అది ప్రసాదంలా కనపడుతుందని వాళ్లకు తట్టలేదు. నువ్వు జేబులో పెట్టుకున్నావని చెప్పాను. "తలపాగ లేకుంటే జేబుల్నే పెట్టుకోవాలె, మంచిగ జేసిండు" అంది వనిత. ఇంటికొచ్చింది గానీ గోడ పట్టుకుని నడుస్తోంది.

చెరువుకు పోయిన రోజు నా సంగతీ విను. కొందరు ఆడవాళ్లు మా బుట్టల పక్కన ఆ బుట్ట వద్దన్నారు. కిష్ట్యా నాయక్ నన్ను అందరికంటే వెనక నడవమన్నాడు. ఇక్కడ నేను ముట్టినందుకు బుట్ట మైలపడిందన్నారు. అక్కడ బుట్టను ముట్టినందుకు నేను మైలపడ్డానంటున్నారు. ఎవరి మీదా కోపం రావడం లేదు. నిద్ర వస్తోంది.

అజ్ఞానంతో అని రాయలేను. చదువుకున్నాననే పొగరుతో కాదు. బస్సులో వచ్చేంతసేపూ ఆలోచించుకునే పోశాను. రాయగలిగింది ఇది:

"సంఘానికి వందనాలు. వనిత అనే పిల్ల జ్వరంతో పడుకుని తన బుట్టకు నీళ్లు పోయమని అడిగింది. పోశాను. ఎవరికీ మొక్కలేదు. ఆ పిల్ల మోకరించిందనీ, బాప్తిస్మం తీసుకుంటుందనీ మీరు విన్న మాట నిజం కాదు. మీ పిడికిళ్ల బియ్యం తిని నేనిక్కడ చేసింది దవాఖానకు తోడు పోవడం, పిల్లలకు లెక్కలు చెప్పడం. ఇంతకంటే పెద్ద పని చేశానని మీకెప్పుడైనా అనిపించి ఉంటే అందుకు క్షమించండి. నీళ్లు పోసినందుకు క్షమాపణ అడగలేను. రేపు మళ్లీ అడిగితే మళ్లీ పోస్తాను."

దీన్ని చదివితే సంఘంలో నీ మాట పోతుంది. తెలుసు. చదవకపోయినా నేనేమీ అనుకోను. ఏమీ రాయలేదని చెప్పేయి.

నవనీత

*

కోదాడ,
8 సెప్టెంబర్ 2025

బిడ్డ నవనీతకు,

నిన్న చదివాను.

నేను చదువుతుంటే అందరి నోళ్లూ కదులుతున్నాయి. ఇద్దరు ముగ్గురు లేచి చేతులు ఊపారు. ఏమన్నారో నాకు తెలియదు. వినపడి ఉంటే మధ్యలో ఆపేవాణ్ణేమో. చివరి దాకా చదివి, మోకరించిందన్న మాట నాది, నా బిడ్డది కాదు అని కూడా చెప్పి కూర్చున్నాను. మీ అమ్మ ఆడవాళ్ల వైపు నుంచి నన్నే చూస్తోంది. ఇంటికొచ్చాక మాట్లాడింది. పెద్దగానే మాట్లాడింది, సగం వినపడింది.

బియ్యం ఆపేశారు. నెలాఖరుకల్లా నిన్ను వచ్చేయమని అయ్యగారు మిర్యాలగూడ నుంచి కబురు చేశారు. నన్ను పెద్దల బెంచీ మీద నుంచి దిగమన్నారు. ఇక మీదట తలుపు దగ్గర కూర్చుంటాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

మీ అమ్మ మాత్రం ఈరోజు పొద్దున కూడా ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టింది. ఎవరికే అంటే, "ఎవరికో ఒకరికి పనికిరాదా?" అంది. సుందరమ్మ కూరగాయల దగ్గర ఎదురుపడి మొహం తిప్పుకుంది. నాలుగడుగులు పోయి మళ్లీ వెనక్కొచ్చి, నుదుటి మీద చేయి పెట్టుకుని, ఆ పిల్లకు తగ్గిందా అని సైగతో అడిగింది. తగ్గిందన్నాను. అంతే, వెళ్లిపోయింది.

నేను గట్టిగా నిలబడితే నిన్ను అక్కడే ఉంచేవాళ్లని అనుకోకు. నా వల్ల కాలేదు. రా బిడ్డా. నువ్వు అలసిపోయావు. నేనూ అలసిపోయాను.

నీ తండ్రి
ఏసోబు

*

తండా నుంచి,
23 సెప్టెంబర్ 2025

నాయనా,

ఈ ఉత్తరం ఫిలిప్పన్నతో పంపుతున్నాను. శనివారం మధ్యాహ్నానికి నేను వస్తాను.

పోతున్నానని కిష్ట్యా నాయక్‌కు చెప్పడానికి వెళ్లాను. మేకకు తుమ్మకొమ్మలు కడుతున్నాడు, తల ఎత్తలేదు.

"ఎవల్నడిగి పోతున్నవ్?"

"కోదాడోళ్లు రమ్మన్నారు పెద్దయ్యా."

"మా తండల ఉన్నదాన్ని ఎల్లగొట్టాలంటే మేం ఎల్లగొట్టాలె. వచ్చిన కాన్నుంచి ఎల్లగొడ్దామనే సూస్తున్న, తీరిక దొరుకతలేదు. నడుమ కోదాడోళ్లెవలు?"

దసరా దాకా ఉండమన్నాడు. నీలా తన ఇంట్లోనే తినమంది. ఆ ఇల్లు ఒకరి కూలి మీద నడుస్తోంది. జ్వరం నుంచి లేచిన పిల్ల ముందు కూర్చుని ఆ అన్నం నేను తినలేను. ఉండాలని ఉంది నాయనా. ఉండే దారి కనపడలేదు. పదో తరగతి పిల్లల్ని వనితకు అప్పగించాను. "నాకే రావు లెక్కలు" అంది. వచ్చినంతవరకు చెప్పమన్నాను.

వీళ్లలో ఆడపిల్ల ఇల్లు విడిచి పోయేటప్పుడు ఆడవాళ్లంతా మెడ చుట్టూ చేతులేసి రాగం తీసి ఏడుస్తారు. శనివారం అందరూ కూలికి పోవాలని నా ఏడుపు ఈరోజు పొద్దునే పెట్టుకున్నారు. నీలా మొదలుపెట్టింది. చెరువుకు పోయిన రోజు ఆ బుట్ట వద్దన్నవాళ్లలో ఒకామె కూడా వచ్చి భుజం మీద తల పెట్టింది. ఆ పాటలో నాకు అర్థమైంది తక్కువ. పోయే పిల్ల కూడా తన వాళ్లను పేరు పెట్టి పిలుస్తూ తిరిగి ఏడవాలట. అందరూ ఆగి నా వైపు చూశారు. నాకు రాగం రాలేదు. "నాయనా" అన్నాను. ఆ ఒక్క మాట తర్వాత ఏమీ రాలేదు. వాళ్లకు అది సరిపోయింది, మళ్లీ అందుకున్నారు.

నువ్వు గట్టిగా నిలబడలేదని రాశావు. అందరూ చేతులు ఊపుతుంటే చివరి దాకా చదివినవాణ్ణి ఇంకేమనాలో నాకు తెలియదు.

బస్టాండుకు రాకు, ఎండలు తగ్గలేదు. వచ్చాక రెండు పూటలు పడుకుంటాను, నన్ను లేపొద్దని అమ్మకు చెప్పు. ఆదివారం మాత్రం లేపండి. మందిరంలో నేను ఆడవాళ్ల వైపు పోను. తలుపు దగ్గర, మగవాళ్ల వైపే, నీ పక్కన కూర్చుంటాను. ఎవరైనా లేవమంటే నీకు వినపడదు. నాకు వినపడుతుంది, అయినా లేవను.

నీ బిడ్డ
నవనీత